మెంటల్ సార్ మా ఇంటికి వచ్చిన రోజు

ఈ మధ్య నాతో ఎవరు మాట్లాడినా చివరికి ఒకే మాట దగ్గర ఆగుతున్నారు. నీ ఇష్టం. మా ఆయన ఫోన్‌లో అదే అంటారు. ఆయనది సత్తుపల్లి వైపు సెల్‌ఫోన్ టవర్ల మెయింటెనెన్స్ పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారకముందే బస్సెక్కుతారు. మంచి మనిషి, దేనికీ అడ్డు చెప్పరు. పై వాటాలో ఉండే ఓనర్ ఆంటీ కూడా అంతే. పాపకు జలుబు చేస్తే వాము కాచి పట్టమని సగం చెప్పి, ఈ కాలపు డాక్టర్లు ఒప్పుకోరు గదమ్మా, నీ ఇష్టం అని మెట్లెక్కిపోతుంది. ఖానాపురం హవేలిలో ఈ రెండు గదుల కిరాయి ఇంటికి వచ్చి ఏడాదిన్నర అయింది. పాపకు పదో నెల. జ్వరం వచ్చిన రోజుల్లో గంటగంటకూ థర్మామీటర్ పెట్టి నోట్‌బుక్‌లో రాసుకుంటాను. నిద్రపోతున్న పిల్ల ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసుకుంటాను. ఉగ్గు ఎప్పుడు మాన్పించాలి, మెత్తగా మెదిపిన పప్పు అరుగుతుందా, ఏడిస్తే వెంటనే ఎత్తుకోవాలా కాసేపు వదిలేయాలా, ఇవన్నీ నా ఇష్టమేనట. డిగ్రీ చదివాను, బీఈడీ చేశాను. నాకు ఇష్టాలు లేవని కాదు. ఎవరైనా ఒకరు ఇట్లా చెయ్ అని గట్టిగా చెబితే బాగుండునని ఉంటుంది.

ఇప్పుడు అంతకంటే పెద్ద విషయం ఒకటి నా ఇష్టం మీద పడింది. ఇక్కడికి దగ్గరలోని ఒక జూనియర్ కాలేజీలో ఫస్టియర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి రమ్మన్నారు. సోమవారం పొద్దుటికల్లా అవునో కాదో చెప్పాలి. చేరితే పాపను పొద్దుట ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా మా వెనక వీధిలో టీచర్ల పిల్లల్ని చూసుకునే ఒక ఆయమ్మ దగ్గర వదలాలి. ఆమె ఇంటికి నాలుగుసార్లు వెళ్ళి గడప దగ్గర నిలబడి చూసి వచ్చాను. నేల శుభ్రంగానే ఉంది. ఆమె చేతులు శుభ్రంగానే ఉన్నాయి. నాలుగుసార్లూ ఏమీ తేల్చుకోకుండానే వచ్చాను. మా ఆయన్ని అడిగితే ఏమన్నారో చెప్పక్కర్లేదు.

ఆ ఉద్యోగం మాట చెప్పిన మనిషి గురించి, ఆయన చెప్పిన ఇంకో మాట గురించి రాయాలని కూర్చున్నాను. పాప పడుకున్నాక తప్ప నాకు టైం దొరకదు.

మా సార్‌ను పోయిన వారం పిల్లల డాక్టర్ దగ్గర చూశాను. డిగ్రీలో మాకు ఇంగ్లీషు చెప్పిన సార్. మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేతిలో నంబర్ చీటీ పట్టుకుని, గోడకున్న టీకాల పట్టిక చదువుతున్నారు. తల నెరిసింది కానీ మనిషి మారలేదు. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చినంత పనైంది, ఎందుకంటే ఆయనకు చెప్పాల్సిన థ్యాంక్స్ ఒకటి ఏళ్ళ తరబడి నా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు ఆయన మా ఊరు రాకపోయి ఉంటే నేను డిగ్రీ పూర్తి చేసేదాన్నే కాదు. అది ఎట్లాగో చెప్పాలంటే మా పెద్దమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మాది ఏన్కూరు దాటి లోపలికి పోతే అడివి అంచున ఉన్న చిన్న పల్లె. మా అమ్మ నాకు గుర్తు లేదు. నా మూడో ఏట జ్వరంతో పోయింది. నాన్న బోర్‌వెల్ లారీ మీద పనికి కుదిరి, ఊళ్ళు పట్టుకుని తిరుగుతూ, నన్ను అమ్మ వాళ్ళ అక్క దగ్గర వదిలాడు. పెద్దమ్మకు పిల్లలు లేరు. పెదనాన్న నేను రాకముందే పోయాడు. మట్టిగోడల ఇల్లు, ముందు తడికల దడి, ఆరు మేకలు, ఎకరన్నర మెట్ట చెలక. ఆమె లేవగానే పొయ్యి అలికేది. ఆ తడి పేడ వాసన, దాని మీద రాజుకున్న పుల్లల పొగ, సాయంత్రమైతే ఆమె కాల్చే చుట్ట వాసన, ఎండాకాలం మొదట్లో చాప మీద ఆరబోసిన ఇప్పపువ్వు తీపి వాసన, ఇవన్నీ కలిస్తేనే నాకు ఇల్లు. ఇప్పటికీ ఓనర్ ఆంటీ వాళ్ళు మేడ మీద చింతపండు ఆరబోస్తే కాసేపు అక్కడే తచ్చాడుతుంటాను.

పెద్దమ్మ దగ్గర ఒక వింత అలవాటు ఉండేది. వింత అని ఇప్పుడంటున్నాను. అప్పుడు అందరిళ్ళలోనూ అంతేననుకున్నాను. ఆమె నాకు ఏ పనీ తన మాటగా చెప్పేది కాదు. తలకు నూనె రాసుకోమనాలంటే, మీ అమ్మకు జుట్టు ఎండితే పడేది కాదు అనేది. ఎండలో తిరగొద్దనాలంటే, మీ నాయన చెప్పి పంపిండు అనేది. నాన్న తనంతట తాను వచ్చింది నాకు గుర్తున్నంతలో రెండుసార్లే. కానీ ఆయన మాటలు మాత్రం వస్తూనే ఉండేవి. తల్లాడ క్రాస్‌లో లారీ ఆగిందట, క్లీనర్ కనపడి చెప్పాడట. కుక్క దగ్గరికి పోవద్దన్నాడట, సూది వేయించుకోమన్నాడట, సైకిల్ నేర్చుకొమ్మన్నాడట. ఎక్కాలు పన్నెండు దాకా రావాలన్నాడట. ఆ మాటల్ని నేను ఎంత జాగ్రత్తగా పాటించేదాన్నో. నేను కూడా జవాబులు పంపేదాన్ని. క్లాసులో ఫస్టొచ్చానని చెప్పు, పన్నెండో ఎక్కం వచ్చేసిందని చెప్పు, నల్లమేక ఈనిందని చెప్పు. పెద్దమ్మ చేతిలో పని ఆపకుండా అంతా విని, "చెప్త తీ" అనేది.

నేను ఐదో తరగతి అయ్యాక ఒకసారి మా ఇంటి ముందు నలుగురూ కూర్చున్నారు. ఆరో తరగతికి హాస్టల్లో వేయాలని పెద్దమ్మ అంది. ఆమె తన నోటితో తన మాటగా పదిమందిలో ఒకటి అడగడం నేను చూసింది అదొక్కసారే. నాన్న వాళ్ళ అన్న, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "నీకెందుకమ్మ గవన్ని, నువ్వేమన్న కన్నదానివా" అన్నాడు. పెద్దగా కూడా అనలేదు. మంచినీళ్ళు అడిగినంత మామూలుగా అన్నాడు. పెద్దమ్మ లేచి మేకలను కట్టేయడానికి పోయింది. పది రోజులు గడిచాక నాన్న దగ్గర్నించి మాట వచ్చింది, పిల్లను హాస్టల్లో వేయమని. ఇంక ఎవరూ ఏమీ అనలేదు. నేను హాస్టల్‌కు పోయాను. వెళ్తూ వెళ్తూ, నాన్న ఎంత దూరంలో ఉన్నా నా గురించే ఆలోచిస్తున్నాడని గర్వపడ్డాను.

తర్వాత ఖమ్మంలో డిగ్రీ. అక్కడి హాస్టల్లో నేను ఎవరితోనూ కలవలేకపోయాను. మా పల్లె యాసలో వచ్చిండు, పోయిండు అంటే పక్కమంచం అమ్మాయి నవ్వేది. అందుకని మాట్లాడటమే తగ్గించుకున్నాను. కాలేజీలో ఒక పద్ధతి పెట్టారు. ఇరవై మంది పిల్లలకు ఒక లెక్చరర్‌ను మెంటర్‌గా ఇచ్చేవారు. సెలవు కావాలన్నా, ఫామ్ నింపాలన్నా ఆయన సంతకం కావాలి. నాకు ఇంగ్లీషు సార్ వచ్చారు. సెలవులకు ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెబితే పెద్దమ్మ చాలాసేపు దిగులుగా చూసి, అంత పెద్ద కాలేజీలో మంచి సార్లే దొరకలేదా, ఆడపిల్లలకు మెంటల్ సార్‌ను ఎందుకు పెట్టారని అడిగింది. మెంటల్ కాదు మెంటర్ అని, దారి చూపే మనిషి అని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నాలుక తిరగలేదు. చివరికి మా ఇంట్లో ఆయన పేరు మెంటల్ సార్‌గానే ఖాయమైంది. పాపం ఆ మెంటల్ సార్ తిన్నడో లేదో అని నాతో గోంగూర పచ్చడి కట్టి పంపేది. నేను సిగ్గుపడి హాస్టల్లోనే తినేసేదాన్ని.

మెంటర్ అన్న మాట ఎక్కడిదో సారే చెప్పారు. రెండో సంవత్సరంలో మాకు ఒక పాఠం ఉండేది. చాలా పాత గ్రీకు కావ్యంలోంచి కొంత భాగాన్ని వచనంగా రాసిన పాఠం. రాజు సముద్రం దాటి యుద్ధానికి పోయి ఇరవై ఏళ్ళు తిరిగి రాడు. పోయేటప్పుడు చంటిబిడ్డగా ఉన్న కొడుకు ఇప్పుడు మీసం మొలిచిన కుర్రాడు. ఇంట్లో ఎవరెవరో చేరి, రాణిని పెళ్ళాడతామంటూ, ఆ ఇంటి పశువుల్నే కోసుకు తింటుంటారు. ఈ అబ్బాయి ఒక మూల కూర్చుని, తండ్రి ఎట్లా ఉంటాడో కూడా తెలియక, చూస్తూ ఉంటాడు. రాజు వెళ్తూ ఇల్లు చూసుకోమని ఒక ముసలి స్నేహితుడికి అప్పజెప్పి వెళ్ళాడు. ఆ ముసలాయన ఊరి సభలో ఒకసారి లేచి అబ్బాయి తరఫున నాలుగు మాటలు చెబితే నోర్మూసుకుని కూర్చోమంటారు. అంతే, కూర్చుంటాడు. తర్వాత ఒక దేవత ఆయన రూపం వేసుకుని అబ్బాయి దగ్గరికి వస్తుంది. నీ తండ్రి సంగతి కనుక్కోవడానికి బయల్దేరు అంటుంది. ఓడ సిద్ధం చేయిస్తుంది. తాను ముందు నడుస్తుంది, అబ్బాయి ఆమె అడుగుల్లో అడుగు వేస్తూ వెనక పోతాడు. పెద్ద రాజుల ముందు నోరు తెరవడానికి అతనికి సిగ్గయితే వెనక్కి తగ్గొద్దని ధైర్యం చెబుతుంది. ఆ ముసలాయన పేరు మెంటర్, అదే తర్వాత దారి చూపేవాళ్ళందరికీ పేరయిందని సార్ చెప్పారు.

ఆ పాఠం నాకు ఎంత దగ్గరగా అనిపించిందో ఎవరికీ చెప్పుకోలేదు. తండ్రి కోసం ఇంకా ఎదురుచూసే పిల్ల ఆ క్లాసులో నేనొక్కదాన్నే అనుకున్నాను. సార్ ఒకరోజు అడిగారు, ఆ అబ్బాయికి దారి చూపింది ఎవరు అని. క్లాసంతా దేవత అన్నారు. ఎన్నడూ నోరు తెరవని నేను లేచి, ముసలాయనే సార్, ఓడ ఎక్కినవాళ్ళంతా ఆయన మొహం చూసే కదా నమ్మారు అన్నాను. సార్ నవ్వి, ఇంకో సంగతి చెప్పారు. ఓడ వెళ్ళిపోయిన తర్వాత ఊళ్ళో ఒకతను ఆశ్చర్యపోతాడట, ఆ ముసలాయన ఓడ ఎక్కడం నేను కళ్ళారా చూశాను, మరి నిన్న పొద్దున ఇక్కడే ఎట్లా కనపడ్డాడు అని. అసలు మనిషి ఊరు కదల్లేదు. అతనికి ఏమీ తెలియదు. కాబట్టి జవాబు దేవత అని రాయకపోతే మార్కులు రావమ్మా అన్నారు. నేను మొండిగా పరీక్షలో కూడా ముసలాయన అనే రాశాను.

ఆ ఎండాకాలం ఇంటికి వచ్చాను. బీడీలు చుట్టే తునికాకు కోసే పని నడుస్తోంది. హాస్టల్ స్నేహితురాలు ఏన్కూరు ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి చెప్పింది, నేను ఇంగ్లీషు తప్పానని. ఫీజు కట్టి మళ్ళీ రాయొచ్చు. ఫామ్ మీద మెంటర్ సంతకం కావాలి. చివరి తేదీ దగ్గర్లోనే ఉంది. నేను ఇంక పోనన్నాను. నవ్వే పిల్లల మధ్య తప్పిన పిల్లగా పోయి కూర్చోలేనన్నాను. పెద్దమ్మ ఏమీ అనలేదు. మీ నాయన చెప్పి పంపిండు అని కూడా అనలేదు. అప్పటికి రెండేళ్ళ కిందే నాన్న అనంతపురం దగ్గర ఎక్కడో ఇంకో కాపురం పెట్టుకున్నాడని ఊరంతా తెలిసింది. ఆయన మాటలు రావడం ఆగిపోయింది.

తెల్లారి పెద్దమ్మతో ఆకు కోతకు పోయాను. చీకటి విడవకముందే బయల్దేరేవాళ్ళం. దారి తెలిసింది ఆమెకు, కానీ నన్నే ముందు నడవమనేది. ఎటు పోవాలో తెలియక నేను ఆగితే, వెనకనుంచి ఎడమకో కుడికో అని ఒక మాట. ముందు నువ్వు నడువు పెద్దమ్మా అంటే, "నేను ముందలుంటె నువ్వు నాకు కనపడవు గద" అంది. ఎండెక్కే వేళకు ఇంటికి చేరి, పందిరి కింద కూర్చుని, ఆకులు ఒకదాని మీద ఒకటి పేర్చి నారతో కట్టలు కట్టేవాళ్ళం. నా కట్టలు వదులుగా వచ్చేవి. సాయంత్రం కల్లం దగ్గర ఆకు కొనే మనిషి వాటిని ఏరి పక్కన పడేసేవాడు. వేళ్ళు పగిలి మంటలు. అయినా నాకు అక్కడే ఉండిపోవాలనిపించింది. ఆ అడివిలో ఎవరూ నవ్వరు.

వారం పది రోజులకు ఒకరోజు నేను ఏన్కూరు అంగడికి పోయి వచ్చేసరికి పెద్దమ్మ మంచం వాకిట్లో వేసి, దాని మీద దుప్పటి పరిచి, పక్కన రెండు చాయ్ గ్లాసులు పెట్టి ఉంది. నేను చెప్పులు విప్పకముందే చెప్పడం మొదలుపెట్టింది. మీ మెంటల్ సార్ వచ్చి పోయిండు. బస్సు దిగి ఎండల నడుచుకుంట వచ్చిండు. ఏమన్నారు అన్నాను. పెద్దమ్మ గ్లాసులు కడుగుతూ, నా వైపు చూడకుండా, ఒక్కొక్క మాటా అప్పజెప్పినట్టు చెప్పింది.

"కళ్ళజోడు తుడుసుకుంట తుడుసుకుంట చెప్పిండు బిడ్డా. కొత్తగ ఆకుకు పోయినోళ్ళ కట్ట వదులయితది, కల్లం కాడ తీసి అవుతల పడేస్తరు. పడేసిన్రని తెల్లారి ఇంట్ల పండుకుంటరా, మళ్ళ పోతరు అన్నడు. ఆ పిల్లకు తెలివి ఉంది, సిగ్గే ఎక్కువ అన్నడు. సంతకం పెడ్త, పంపమన్నడు."

నా గురించి అంత ఆలోచించిన మనిషి ఒకరున్నారని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మాకు అర్థమయ్యేట్టు ఆకు కట్టతో పోల్చి చెప్పారు చూడు, ఎంత గొప్ప సార్ అనుకున్నాను. రెండు రోజుల్లో బస్సెక్కాను. కాలేజీకి పోతే సార్ సెలవులో ఉన్నారు, ఆఫీసులో ఇంకెవరో సంతకం పెట్టి ఇచ్చారు. అదీ నాకు వింతగా తోచలేదు. మళ్ళీ రాశాను, పాసయ్యాను. ఈసారి జవాబు దేవత అనే రాశాను. మూడో సంవత్సరంలో సార్ మాకు క్లాస్ తీసుకోలేదు, వరండాలో ఎదురుపడితే నమస్తే పెట్టి తప్పుకునేదాన్ని. అంత పెద్ద సాయానికి ఏ మాటలతో థ్యాంక్స్ చెప్పాలో తెలిసేది కాదు. ఏ మాటైనా తక్కువే అనిపించేది.

అదంతా పోయిన వారం డాక్టర్ దగ్గర బెంచీ మీద కూర్చుని ఆయనకు చెప్పాను. నేను ఎవరో ఆయనకు గుర్తు లేదు. "ఏ బ్యాచ్ అమ్మా నువ్వు?" అన్నారు. చెప్పాను. మా ఊరి పేరు చెప్పాను. మీరు ఎండలో నడిచి వచ్చారు, చాయ్ తాగారు అన్నాను. ఆయన మొదట తలాడిస్తూ విన్నారు, పాత విద్యార్థి ఏదో అభిమానంతో చెబుతోంది అన్నట్టు. తర్వాత తలాడించడం ఆపారు.

"ఏన్కూరు దాటి లోపలికి నేనెప్పుడూ రాలేదమ్మా. వేసవి సెలవులిస్తే మేము తెనాలి పక్కన మా ఊరు వెళ్ళిపోయేవాళ్ళం. జూన్ దాకా ఖమ్మంలోనే ఉండేవాణ్ణి కాదు."

కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పారట సార్ అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఆయన చెయ్యి తెలియకుండానే మొహం మీదికి పోయింది. ఆయనకు అద్దాలు లేవు. అప్పుడూ లేవు. రెండేళ్ళు క్లాసులో రోజూ చూసిన మొహం. పెద్దమ్మ ఊహలో చదువుకున్న సార్లందరికీ కళ్ళజోడు ఉంటుంది, అంతే. నాకు నమ్మాలని ఉంది కాబట్టి ఆ రోజు నేను ఆయన మొహానికి అద్దాలు తగిలించి మరీ నమ్మాను. సార్ నవ్వబోయి, నన్ను చూసి మానుకున్నారు. ఎవరో ఇంకొకరు వచ్చి ఉంటారులే అన్నారు. మాట మార్చడానికో, నిజంగా అవసరమయ్యో, బీఈడీ చేశావా, ఇంట్లోనే ఉన్నావా అని అడిగి, తాను ఇప్పుడు చూసుకుంటున్న కాలేజీలో ఇంగ్లీషుకు మనిషి కావాలి, సోమవారంలోపు చెప్పమని ఫోన్ నంబరిచ్చారు. ఈలోపు ఆయన చీటీ నంబర్ పిలిచారు. మనవరాలిని భుజాన వేసుకుని లోపలికి వెళ్ళారు.

ఇంటికి వచ్చి పాపకు అన్నం మెదుపుతుండగా అసలు విషయం తట్టింది. చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. సార్ రాలేదు, సరే. మరి నాన్న? లారీ తల్లాడలో ఆగిందనీ, క్లీనర్ చెప్పాడనీ, ఆ క్లీనర్‌ను నేను ఒక్కసారైనా చూశానా? సూది వేయించుకోమన్నది, సైకిల్ నేర్చుకొమ్మన్నది, హాస్టల్లో వేయమన్నది? నువ్వేమన్నా కన్నదానివా అన్న పది రోజులకు వచ్చిన ఆ మాట? నల్లమేక ఈనిందని నేను పంపిన కబురు ఎవరికి చేరింది? ఇన్నేళ్ళూ తండ్రి దూరంగా ఉండి ప్రేమించాడని ఒక ధైర్యం నాలో ఉండేది. ఆయన మమ్మల్ని వదిలేశాడని తెలిసిన తర్వాత కూడా, చిన్నప్పుడైతే నన్ను తలుచుకునేవాడు కదా అని ఊరుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం అది కూడా పోయింది. పాప నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తోంది. నేను గోడకేసి చూస్తున్నాను.

శుక్రవారం పాపను తీసుకుని ఊరికి పోయాను. పెద్దమ్మ నా దగ్గరికి రాదు. పురుడప్పుడు వచ్చి మూడు రోజులుండి, ఈ సిమెంటు గదుల్లో నాకు ఊపిరాడదని పోయింది. పాప గురించి ఏదడిగినా, పక్కింటివాళ్ళ సెల్‌లో ఒకటే మాట చెబుతుంది, నాకేమెరుక బిడ్డా, నేను కన్నదాన్నా, డాక్టర్‌ను అడుగు అని. అది విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఆ మాట ఆమెది కాదనీ, మంచం మీద కూర్చుని ఒకడు అన్నదనీ నాకు ఎప్పుడూ గుర్తు రాలేదు.

మేం వెళ్ళేసరికి ఆమె పందిరి కింద చింతపండులో గింజలు తీస్తోంది. పాపను ఒళ్ళో వేసుకుని, పాదాలు నొక్కి చూసి, మళ్ళీ నాకే ఇచ్చేసింది. నేనూ కూర్చుని గింజలు తీస్తూ, సార్ కనపడ్డారని చెప్పాను.

"మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు. మన ఊరికి ఎన్నడూ రాలేదంట పెద్దమ్మా."

ఆమె వేళ్ళు ఆగలేదు. "వచ్చిండు. పెద్దమనిషయ్యిండు, మరిసిపోయి ఉంటడు."

"ఆయనకు కళ్ళజోడే లేదు."

"ఆ రోజు పెట్టుకొచ్చిండు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సార్‌కు థ్యాంక్స్ చెబితే నేను కాదన్నారు. ఇక్కడ చెబుదామంటే నేను కాదంటోంది. ఆ థ్యాంక్స్ నా దగ్గరే ఉండిపోయింది, తీసుకునే మనిషి లేకుండా. అప్పుడు నేను, "మరి నాయన..." అని మొదలుపెట్టాను. పెద్దమ్మ చేతిలో కాయ అట్లాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఆ చూపులో భయం ఉంది. ఆమె భయపడటం నేను ఎన్నడూ చూడలేదు.

"నాయన ఏంది?" అంది.

"ఏం లేదు" అన్నాను.

తర్వాత ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయమ్మ సంగతి చెప్పాను. నాలుగుసార్లు పోయి గడప దగ్గర నుంచి తిరిగి వచ్చానని చెప్పాను. పాప చిన్నది, జ్వరమొస్తే ఆమెకు తెలుస్తుందో లేదో, ఏడిస్తే ఎత్తుకుంటుందో లేదో, ఎంతైనా పరాయి మనిషి కదా అన్నాను. డాక్టర్‌ను అడుగు అంటుందనుకున్నాను. లేకపోతే ఇంకెవరో వచ్చి చెప్పి పోయారంటుందనుకున్నాను. ఆమె చింతపండు గిన్నె పక్కకు జరిపి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పరాయి మనిషి పెంచితే పిల్లలు పెరగరా? నేను పెంచలే నిన్ను?"

నేను ఇంకో కాయ అందుకున్నాను.

"కొలువుల చేరు. పిల్లను ఆమె కాడ పెట్టు. మొదట్ల నాలుగు దినాలు ఏడుస్తది, నువ్వు కూడ ఏడుస్తవు. చేరు."

"గిది ఎవరు చెప్పిన్రు పెద్దమ్మా?" అన్నాను. ఎందుకన్నానో తెలియదు, ఎగతాళికైతే కాదు. ఆమెకూ అది అర్థమైంది. గిన్నె మళ్ళీ ముందుకు లాక్కుంది.

"ఎవ్వరు చెప్పలే" అంది. "నేనే చెప్తున్న."

సాయంత్రం బస్సుకు వచ్చేశాను. దారి పొడుగునా పాప కిటికీ చువ్వ పట్టుకుని నిలబడింది. నాకు ఆ మాట విన్న సంతోషం కంటే భయమే ఎక్కువగా ఉంది. నాన్న మాటో సార్ మాటో తప్పయితే వాళ్ళ మీద కోపం తెచ్చుకోవచ్చు, వాళ్ళు దూరంగా ఎక్కడో ఉంటారు. ఈ మాట తప్పయితే ఆ పందిరి కింద ఒంటరిగా కూర్చున్న మనిషి మీద పడుతుంది. అది తెలిసే ఆమె చెప్పింది. ఇన్నేళ్ళూ ఇతరుల పేర్ల వెనక ఎందుకు నిలబడిందో, ఆ పేర్లు తీసేస్తే ఆమెకు ఎంత చలిగా ఉండి ఉంటుందో ఆలోచించాను. ఆ కావ్యంలో దేవత పని కాగానే పక్షిలా ఎగిరిపోతుంది. మా పెద్దమ్మకు పోవడానికి ఎక్కడా చోటు లేదు. నేను పోయాక ఆమె మిగిలిన గింజలు తీస్తూ కూర్చుని ఉంటుంది.

నిన్న సాయంత్రం మా ఆయన వచ్చారు. అన్నం తింటుండగా, సోమవారం పొద్దున సార్‌కు ఫోన్ చేసి వస్తానని చెబుతున్నాను అన్నాను. ఆయన కంచంలోంచి తలెత్తి, ఇన్నాళ్ళూ తేల్చుకోలేదు కదా, ఎవరు చెప్పారు అని అడిగారు.

పెద్దమ్మ చెప్పింది అన్నాను.